విదేశీ సాహిత్య సదస్సుకు పేపర్ పంపడం ఎలా? నల్లగొండ, పాలమూరు విద్యార్థులకు

ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, రష్యన్ లాంటి ఆధునిక విదేశీ భాషల మీద, వాటి సాహిత్యాల మీద పీజీ, పీహెచ్‌డీ విద్యార్థుల కోసమే ప్రత్యేకంగా సదస్సులు జరుగుతుంటాయి. అమెరికా, యూరప్ యూనివర్సిటీల్లో వీటిని చాలావరకు విద్యార్థులే నడుపుకుంటారు. పేపర్లు (సదస్సులో పైకి చదివే చిన్న పరిశోధన వ్యాసాలు) పంపమని పిలుపు రాసేదీ, వచ్చినవాటిలోంచి ఎంచేదీ, ఆ రోజు మైకులు సరిచూసేదీ వాళ్లే. పేరున్న ప్రొఫెసర్ ఒకరు వచ్చి కీలకోపన్యాసం చేస్తారు. మిగతా సమయమంతా మీలాంటివాళ్లదే. హైదరాబాద్‌లోని యూనివర్సిటీల్లో కూడా రీసెర్చ్ స్కాలర్ల కోసం ఇలాంటి సెమినార్లు పెడుతుంటారు.

నల్లగొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో ఎంఏ ఇంగ్లిషో తెలుగో చదివి, రీసెర్చ్ వైపు చూస్తున్నవాళ్లు చాలామంది ఇవి తమ కోసం కాదనుకుంటారు. "మన ఇంగ్లిషే అంతంతమాత్రం, విదేశీ సాహిత్యం మీద మనం ఏం చెప్తాం సార్" అంటారు. ఈ మాటతో నేను అస్సలు ఒప్పుకోను. ఎంపిక చేసేవాళ్ల ముందు ఉండేది రెండు, మూడు వందల మాటల సారాంశం ఒక్కటే. దానిలో వాళ్లు మీ యాస చూడరు, మీ కాలేజీ పేరు చూసి పక్కన పెట్టరు. ప్రశ్న ఉందా లేదా అని చూస్తారు. పైగా తెలుగు చదవగలిగిన మీ చేతిలో, మిగతా దరఖాస్తుదారుల్లో చాలామందికి లేని ఒక సాహిత్యం మొత్తం ఉంది. దాన్ని ఎలా వాడుకోవాలో మొదటి నుంచి చెప్తాను.

మొదట, పిలుపు వెతకండి

ఈ పిలుపును కాల్ ఫర్ పేపర్స్ అంటారు, అందరూ సీఎఫ్‌పీ అనే పిలుస్తారు. అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీ ఇంగ్లిష్ శాఖ నడిపే సీఎఫ్‌పీ వెబ్‌సైట్ ఒకటుంది. సాహిత్య సదస్సుల పిలుపులు అక్కడ పుష్కలంగా దొరుకుతాయి. అందులో గ్రాడ్యుయేట్ కాన్ఫరెన్సుల విభాగం విడిగా ఉంటుంది, రోజూ కాకపోయినా వారానికోసారి చూడండి. హెచ్‌-నెట్ అనే పరిశోధకుల వెబ్‌సైట్‌లో కూడా వస్తాయి. హైదరాబాద్ వరకే వెళ్లాలనుకుంటే ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ), సెంట్రల్ యూనివర్సిటీ, ఉస్మానియా వెబ్‌సైట్లలో నోటీసులు చూడండి. అంతకంటే నమ్మకమైన దారి ఆ యూనివర్సిటీల్లో చదువుతున్న మన జిల్లా సీనియర్లు. పిలుపు ఏదైనా వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లోకి ముందే వచ్చేస్తుంది.

అమెరికా సదస్సుల పిలుపులు ఎక్కువగా మనకు దసరా, దీపావళి రోజుల్లో మొదలవుతాయి. సదస్సులు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య జరుగుతాయి. అంటే అక్టోబరు వచ్చేసరికి మీ దగ్గర ఒక ఆలోచన సిద్ధంగా ఉండాలి.

ఒక హెచ్చరిక. మీరు ఏమీ పంపకుండానే "మీ పరిశోధన మాకు నచ్చింది, రండి" అని మెయిల్ వస్తే దాన్ని వదిలేయండి. ఇంజనీరింగ్, వైద్యం, సాహిత్యం అన్నీ ఒకే రోజు ఒకే హోటల్లో అన్నా, పంపిన మర్నాడే ఎంపికైందని చెప్పి వేలల్లో ఫీజు అడిగినా, సర్టిఫికెట్ గురించే ఎక్కువ రాసినా అది సదస్సు కాదు, వ్యాపారం. నిజమైన విద్యార్థి సదస్సుకు వెనక ఒక యూనివర్సిటీ, ఒక శాఖ ఉంటాయి. ఫీజు ఉండదు, ఉన్నా భరించగలిగేంతే ఉంటుంది. అనుమానం వస్తే ఆ శాఖ వెబ్‌సైట్‌కి వెళ్లి అక్కడ ఆ సదస్సు పేరు ఉందో లేదో చూసుకోండి.

పిలుపును అక్షరం అక్షరం చదవండి

ఇతివృత్తం ఏమిటి, సారాంశం ఎన్ని మాటలు, ఏ భాషలో చదవొచ్చు, నేరుగా రావాలా, ఆన్‌లైన్‌లో ఒప్పుకుంటారా, ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసుకోండి. చాలా సదస్సులు ఇంగ్లిష్‌తో పాటు ఆయా విదేశీ భాషల్లో కూడా పేపర్ చదవనిస్తాయి. ఇంగ్లిష్ తప్పనిసరి అని ముందే అనుకోవద్దు, ఇంగ్లిష్ సరిపోదనీ అనుకోవద్దు.

గడువు దగ్గర గడియారం చూడండి. న్యూయార్క్ టైమ్ ప్రకారం రాత్రి 11:59 అని ఉంటే, శీతాకాలంలో మనకు అది మర్నాడు ఉదయం 10:29. మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారాలు గంట ముందుకు జరుపుతారు కాబట్టి ఆ తర్వాత 9:29 అవుతుంది. కొందరు 'ఎనీవేర్ ఆన్ ఎర్త్' అని రాస్తారు. అంటే భూమ్మీద ఆ తేదీ అన్నిటికన్నా చివర ముగిసే చోటి లెక్క, మనకు మర్నాడు సాయంత్రం 5:29 దాకా. ఈ లెక్కలు తెలిసి ఉంటే టెన్షన్ తగ్గుతుంది. అయినా ఒక రోజు ముందే పంపేయండి. కరెంటు, నెట్ రెండూ మన చేతిలో ఉండవు.

భాష రాకపోతే?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. నిజాయితీగా చెప్పాలంటే ఆధునిక భాషల సదస్సుల్లో మూలభాష తెలిసినవాళ్లకే మొగ్గు ఉంటుంది. అది న్యాయమే. ఒక రచయితను ఇంగ్లిష్ అనువాదంలో మాత్రమే చదివి ఆయన శైలి మీద మాట్లాడటం సరికాదు. అయితే మీకు దారులు ఉన్నాయి.

భాష నేర్చుకోవడం మొదటి దారి. హైదరాబాద్ తార్నాకలోని ఇఫ్లూ 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలైంది. తర్వాత విదేశీ భాషలు చేరాయి. ఇప్పుడక్కడ ఫ్రెంచి, జర్మన్, రష్యన్, స్పానిష్, అరబిక్, జపనీస్ లాంటివి చదవొచ్చు. ఫ్రెంచికి అలయాన్స్ ఫ్రాన్సేజ్, జర్మన్‌కు గోథె సెంట్రమ్ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. నవల చదివేంత భాష ఏడాదిలో రాదు. కానీ డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక పేజీ చదివేంత వస్తుంది. ఇరవై నిమిషాల పేపర్‌కు ఆ ఒక్క పేజీ చాలా పెద్ద బలం.

రెండో దారి, మూలభాష ప్రధానం కాని ప్రశ్న ఎంచుకోవడం. ఆ పుస్తకం మన దగ్గరికి ఎలా వచ్చింది, ఎవరు అనువదించారు, ఎవరు చదివారు, చదివి ఏం చేశారు అన్నవి మీరు తెలుగులోనే పరిశోధించగల విషయాలు. సోవియట్ కాలంలో మాస్కోలోని ప్రోగ్రెస్, తర్వాత రాదుగ ప్రచురణాలయాలు రష్యన్ సాహిత్యాన్ని తెలుగులోనే అచ్చువేసి పంపేవి. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి లాంటివాళ్లు మాస్కోలో ఉండి అనువాదాలు చేశారు. విశాలాంధ్ర దుకాణాల్లో ఆ పుస్తకాలు తక్కువ ధరకు దొరికేవి. సాయుధ పోరాటం జరిగిన నల్లగొండ జిల్లాలో ఆ పుస్తకాలను చదివిన తరం ఇంకా మిగిలి ఉంది. ఏ రిటైర్డ్ టీచర్ ఇంట్లో బీరువా తెరిచినా ఒకటో రెండో కనిపిస్తాయి. లోపలి అట్ట మీద పేరు, కొన్న ఊరు, తేదీ సిరాతో రాసి ఉంటాయి. మార్జిన్లలో పెన్సిల్ గీతలు ఉంటాయి. అలాంటి ప్రతులు పది పన్నెండు సేకరించి, ఫొటోలు తీసి, ఆ ఇంటివాళ్ల అనుమతితో వాళ్ల మాటలు రికార్డు చేస్తే, రష్యన్ సాహిత్యం మీద జరిగే ఏ సదస్సులోనైనా అది కొత్త విషయం. మాస్కోలో కూర్చున్నవాళ్లకు అది దొరకదు. మీకు ఆర్టీసీ బస్సెక్కితే దొరుకుతుంది. ఆ తరం పోకముందే ఈ పని ఎవరో ఒకరు చేయాలి.

విషయాన్ని కుదించండి

పేపర్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. 'లాటిన్ అమెరికా సాహిత్యం, తెలంగాణ సాహిత్యం: ఒక తులనాత్మక పరిశీలన' అని పెట్టుకుంటే అది ఇరవై నిమిషాల్లో కాదు, ఇరవై ఏళ్లలో కూడా తేలదు. రెండు పెద్ద సంచులు పక్కపక్కన పెట్టి రెండిట్లోనూ పేదరికం ఉంది, రెండిట్లోనూ పోరాటం ఉంది అని చెప్తే వినేవాళ్లకు మిగిలేది ఏమీ ఉండదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హువాన్ రుల్ఫో మెక్సికో రచయిత, హలిస్కో రాష్ట్రం వాడు. 1953లో వచ్చిన ఆయన కథల సంపుటిలో ఒక చిన్న కథ ఉంది. మెక్సికో విప్లవం తర్వాత ప్రభుత్వం రైతులకు భూమి పంచుతుంది. నలుగురు ఆ భూమి మీదుగా నడిచిపోతుంటారు. ఎటు చూసినా ఎండి గట్టిపడ్డ మైదానం, చెట్టు లేదు, నీడ లేదు. మబ్బు పడుతుంది. ఒక్కటంటే ఒక్క చినుకు రాలి, నేలలో చిన్న గుంత చేసి ఇంకిపోతుంది. ఇంకో చినుకు పడుతుందేమో అని చూస్తారు, పడదు. ఈ భూమిలో నాగలి దిగదని చెప్పబోతే అధికారి, ఏముంటే కాగితం మీద రాసి ఇవ్వండి, మీరు ఎదిరించాల్సింది భూస్వాములను గానీ భూమి ఇస్తున్న ప్రభుత్వాన్ని కాదు అంటాడు.

పాలమూరు పల్లెలో పుట్టినవాళ్లకు ఈ కథ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఒక్క చినుకు కోసం ఆకాశం వైపు చూడటం ఏమిటో, ఆఫీసులో దరఖాస్తు రాసి ఇమ్మనడం ఏమిటో మనకు తెలుసు. అప్పట్లో నల్లగొండ జిల్లాలోనే ఉన్న పోచంపల్లిలో 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ముందు వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు దానం ప్రకటించారు. భూదానోద్యమం అక్కడే మొదలైంది. రెండు దేశాల్లోనూ 'భూమి ఇవ్వడం' అనే సంఘటన ఉంది. మరి పుచ్చుకున్నవాడి గొంతు సాహిత్యంలో ఎలా వినిపించింది? రుల్ఫో కథను 'మేము' అంటూ రైతే చెప్తాడు. మన జిల్లా కథల్లో, పాటల్లో భూమి పంపకం గురించి మాట్లాడేది ఎవరు? ఇచ్చినవాడా, నాయకుడా, పుచ్చుకున్నవాడా?

ఇప్పుడు మీ దగ్గర ప్రశ్న ఉంది. ఒక విదేశీ కథ, దానికి ఎదురుగా మీరు చిన్నప్పటి నుంచి విన్న ఒక తెలుగు కథో పాటో, ఆ రెండిటి మధ్య 'కథ ఎవరి నోటి నుంచి వస్తోంది' అనే ఒకే ఒక్క అంశం. అంతకుమించి వద్దు. వలస మీద రాయాలన్నా ఇదే పద్ధతి. బొంబాయికి పోయిన పాలమూరు కూలీ మొత్తం జీవితం కాదు, బయలుదేరే రాత్రి ఒక్కటి తీసుకోండి.

విషయం తేలాక శోధ్‌గంగలో వెతకండి. మన దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లు అక్కడ ఉచితంగా ఉంటాయి. మీ విషయం మీద ఇప్పటికే ఎవరైనా చేసి ఉంటే భయపడొద్దు, చదివి వాళ్లు ఆగినచోటు నుంచి మొదలుపెట్టండి. పరిశోధన వ్యాసాలు ఉండే జేస్టోర్ వెబ్‌సైట్‌లో ఉచిత ఖాతా తెరిస్తే కొన్ని వ్యాసాలు ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చు. పాత తెలుగు పుస్తకాలకు ఆర్కైవ్ డాట్ ఆర్గ్ ఉంది, జిల్లా కేంద్ర గ్రంథాలయం ఉంది. గ్రంథాలయానికి వెళ్లినప్పుడు కేటలాగ్‌తో సరిపెట్టుకోకుండా లైబ్రేరియన్‌తో మాట్లాడండి. కేటలాగ్‌కు ఎక్కని కట్టలు లోపలి గదిలో ఉండొచ్చు.

సారాంశం రాయడం

సారాంశాన్ని అబ్‌స్ట్రాక్ట్ అంటారు. మామూలుగా 250 నుంచి 300 మాటలు. ఎంపిక చేసే విద్యార్థి ఒకే సాయంత్రం పదుల కొద్దీ చదువుతుంటాడు. కాబట్టి మొదటి రెండు వాక్యాల్లోనే మీరేం పట్టుకున్నారో తెలియాలి.

చాలామంది మొదటి వాక్యం ఇలా రాస్తారు: "సాహిత్యం సమాజానికి ప్రతిబింబం. ప్రాచీన కాలం నుంచి మానవుడు తన భావాలను సాహిత్యం ద్వారా వ్యక్తం చేస్తున్నాడు." ఈ రెండు వాక్యాలు ఏ పేపర్‌కైనా అతుకుతాయి. అందుకే ఏ పేపర్‌కూ పనికిరావు. కొట్టేయండి. దాని బదులు ఇలా మొదలుపెట్టండి: "హువాన్ రుల్ఫో కథలో ప్రభుత్వం పంచిన బీడు మీద నడుస్తున్న రైతు 'మేము' అని మాట్లాడతాడు. అదే కాలంలో తెలంగాణలో భూమి పంపకం మీద వచ్చిన రచనల్లో ఆ 'మేము' ఎక్కడుంది అని ఈ పేపర్ అడుగుతుంది."

ఆ తర్వాత ఏ రచనలు తీసుకున్నారో పేర్లు, సంవత్సరాలతో ఒక వాక్యం. వాటిలో ఏ భాగాన్ని దగ్గరగా చదువుతారో ఒక వాక్యం. ఇంతకుముందు వాళ్లు ఏం అన్నారు, మీరు ఎక్కడ వేరవుతున్నారు అన్నది రెండు వాక్యాలు. చివర మీ వాదన. వాదన అంటే ఎవరైనా కాదనగలిగేది. "రెండు సాహిత్యాల్లోనూ రైతు బాధ ఉంది" అన్నది వాదన కాదు, దాన్ని ఎవరూ కాదనరు. "భూమి పుచ్చుకున్నవాడి గొంతు తెలంగాణలో కథలోకి రాలేదు, పాటలోకే వచ్చింది" అన్నది వాదన. తప్పో ఒప్పో రచనలు చూపించి తేల్చాలి. పేపర్ పూర్తయ్యేసరికి మీ వాదన మారినా ఫరవాలేదు. అది మామూలే, నిర్వాహకులకూ తెలుసు.

ఇంగ్లిష్‌లో రాస్తున్నప్పుడు చిన్న వాక్యాలు రాయండి. సిద్ధాంతకారుల పేర్లు వరసపెట్టి పేర్చొద్దు. వాడే సిద్ధాంతం ఒకటి ఉంటే దాని అవసరం ఏమిటో చెప్పండి, లేకపోతే వదిలేయండి. మీ సార్‌కో మేడమ్‌కో చూపించేముందు, సాహిత్యంతో సంబంధం లేని స్నేహితుడికి చదివి వినిపించి "నేనేం చేయబోతున్నానో చెప్పు" అని అడగండి. అతను చెప్పలేకపోతే సారాంశం ఇంకా తయారు కాలేదన్నట్టు.

దీనితో పాటు యాభై నుంచి వంద మాటల్లో మీ పరిచయం అడుగుతారు. అతడు, ఆమె అని మూడో వ్యక్తి గురించి రాసినట్టు రాయాలి. పేరు, ఎక్కడ ఏం చదువుతున్నారు, దేని మీద పనిచేస్తున్నారు, ఏ భాషలు చదువుతారు. తెలుగు, ఉర్దూ, హిందీ వస్తే తప్పకుండా రాయండి. దక్షిణ తెలంగాణలో మూడు నాలుగు భాషల మధ్య పెరగడం మనకు మామూలు విషయంలా ఉంటుంది గానీ తులనాత్మక సాహిత్యంలో అది అర్హత. పదో తరగతి మార్కులు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అక్కర్లేదు. ఎంపికలో పేర్లు చూడకుండా చదువుతామని పిలుపులో ఉంటే సారాంశం ఫైల్లో మీ పేరు ఎక్కడా ఉండకూడదు, పరిచయం విడి ఫైల్లో పంపాలి.

పేపర్ రాయడం చెవి కోసం

ఎంపికైందని మెయిల్ వచ్చిన రోజే జవాబివ్వండి. డిపార్ట్‌మెంట్‌లో హెచ్‌ఓడీకి లెటర్ పెట్టి అనుమతి తీసుకోండి. ఫెలోషిప్ ఉన్నవాళ్లు కంటింజెన్సీ (పరిశోధన ఖర్చులకు ఇచ్చే డబ్బు) కింద ఖర్చు పెట్టుకోవచ్చేమో ముందే అడిగి ఉంచుకోండి. టికెట్లు, ఫీజు రసీదులు అన్నీ దాచండి.

ఇరవై నిమిషాలు ఇస్తారు, కొన్నిచోట్ల పదిహేనే. ఇంగ్లిష్‌లో నింపాదిగా చదివితే నిమిషానికి 120 మాటల దాకా పోతాయి. అంటే ఇరవై నిమిషాలకు 2,400. మధ్యలో ఉటంకింపులు, స్లైడు మార్చడం, గుటక మింగడం ఉంటాయి కాబట్టి 2,200 దగ్గర ఆపండి. పదిహేను నిమిషాలైతే 1,700 చాలు. సమయం దాటితే మీ తర్వాతివాళ్ల నిమిషాలు తిన్నట్టే.

వ్యాసం కళ్లతో చదువుతారు, అర్థం కాకపోతే వెనక్కి వెళ్తారు. వినేవాళ్లకు ఆ వీలు లేదు. అందుకని ఒక్కో వాక్యంలో ఒక్క విషయమే ఉంచండి. "ఇంతవరకు రుల్ఫో కథ చూశాం, ఇప్పుడు పాటకు వస్తున్నాను" లాంటి దారి చూపే వాక్యాలు వ్యాసంలో అనవసరం అనిపించినా ఇక్కడ అవసరం. గదిలో ఉన్నవాళ్లలో మీ తెలుగు రచన చదివినవాళ్లు ఒక్కరూ ఉండరనుకోండి. కథ ఏమిటో నాలుగు వాక్యాల్లో చెప్పండి. నల్లగొండ ఎక్కడుందో, నిజాం పాలన అంటే ఏమిటో ఒక వాక్యంలో చెప్పండి. దాని మీదే ఐదు నిమిషాలు పోనివ్వొద్దు. నేపథ్యం మీద మనకు మమకారం ఎక్కువ, పేపర్లు చాలావరకు అక్కడే మునిగిపోతాయి.

ఉటంకింపు మూలభాషలో ఇచ్చి కింద అనువాదం ఇవ్వండి. ఇంకొకరి అనువాదం వాడితే అనువాదకుల పేరు తప్పక చెప్పండి, మీరే చేస్తే 'అనువాదం నాది' అని రాయండి. తెలుగు పాటను తెలుగులోనే రెండు పాదాలు వినిపించండి. ఆ శబ్దం గదిలో వినపడటం కూడా మీ పేపర్‌లో భాగమే. సాహిత్య సదస్సుల్లో ఎక్కువగా ఎంఎల్‌ఏ (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) పద్ధతిలో మూలాల జాబితా అడుగుతారు. దాని తొమ్మిదో కూర్పు 2021లో వచ్చింది, దాన్నే అనుసరించండి.

స్లైడ్లు ఐదారు చాలు. పేపర్ మొత్తాన్ని తెర మీద పెట్టొద్దు. ఉటంకింపులు, ఒక మ్యాప్, పుస్తకం అట్ట ఫొటో, అంతే. తెలుగు అక్షరాలు వేరే కంప్యూటర్లో విరిగిపోయి, ఒత్తులు విడిపోయి కనిపించే ప్రమాదం ఉంది. యూనికోడ్ ఫాంట్ వాడి, పీపీటీతో పాటు పీడీఎఫ్ చేసి పెట్టుకోండి. పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మెయిల్‌లో ఒకటి ఉంచండి. ఉటంకింపులన్నీ ఒక కాగితం మీద వేసి పది జిరాక్సులు తీసి పంచితే, ప్రొజెక్టర్ మొరాయించినా మీ పని ఆగదు.

చదివి చూసుకోండి

ఫోన్లో టైమర్ పెట్టుకుని నిలబడి పైకి చదవండి. మనసులో చదివితే లెక్క తేలదు. నోరు తిరగని ఇంగ్లిష్ మాట ఉంటే అభ్యాసం చేయడం కంటే తేలిక మాట వేసుకోవడం మేలు. విదేశీ పేర్లు ఎలా పలకాలో ఫోర్వో వెబ్‌సైట్‌లో ఆ భాషవాళ్ల గొంతులోనే వినొచ్చు.

యాస గురించి బెంగపడొద్దు. ఆ గదిలో ఇటాలియన్ యాస, కొరియన్ యాస, బ్రెజిల్ యాస అన్నీ ఉంటాయి. అర్థం కాకపోవడానికి కారణం యాస కాదు, వేగం. భయం వేస్తే వేగం పెరుగుతుంది. అందుకే కాగితం మీద ఎక్కడ ఆగాలో గీత గీసి పెట్టుకోండి. నలుగురు స్నేహితులను ఒక ఆదివారం డిపార్ట్‌మెంట్‌లోనో హాస్టల్ గదిలోనో కూర్చోబెట్టి చదవండి. విని ఒక్కొక్కరూ తప్పనిసరిగా ఒక ప్రశ్న అడగాలి అని ముందే చెప్పండి. అసలు సదస్సులో వచ్చే ప్రశ్నలు సగం ఇక్కడే వచ్చేస్తాయి.

వెళ్లడం, లేదా ఇంటి నుంచే కలవడం

హైదరాబాద్ సదస్సుకైతే ముందురోజు సాయంత్రమే చేరుకోండి. నల్లగొండ నుంచి, మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ దాదాపు వంద కిలోమీటర్లు. పొద్దున బయలుదేరినా చేరొచ్చు, కానీ చదివే రోజు బస్సులో నిలబడి వచ్చి మైకు పట్టుకోవడం మంచిది కాదు. తార్నాక వైపు వెళ్లాలంటే నల్లగొండ బస్సువాళ్లు ఎల్బీనగర్‌లో దిగి ఉప్పల్ వెళ్లి మెట్రో ఎక్కితే నేరుగా తార్నాక స్టేషన్‌లో దిగొచ్చు. మహబూబ్‌నగర్ నుంచి ఎంజీబీఎస్‌లో దిగినవాళ్లు అక్కడే మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్ దగ్గర నాగోల్ వైపు రైలు మారాలి.

అమెరికా సదస్సుకైతే వీసా, టికెట్ల ఖర్చు మామూలు విద్యార్థికి అందేది కాదు. ఆన్‌లైన్‌కు వీలున్నవాటికే పంపండి. ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో పొద్దున పది అంటే మనకు రాత్రి ఏడున్నర. ఊళ్లో ఆ టైమ్‌కి కరెంటు, సిగ్నల్ ఎలా ఉంటాయో ముందు వారం రోజులు గమనించండి. ఇంట్లో నెట్ నమ్మకం లేకపోతే జిల్లా కేంద్రంలో స్నేహితుడి గదికి వెళ్లండి. రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు ఉంచుకోండి. పేపర్‌ను ముందే సెషన్ నడిపేవాళ్లకు మెయిల్ చేసి, లైన్ తెగిపోతే రెండు నిమిషాల్లో ఫోన్ నుంచి కలుస్తానని చెప్పి ఉంచండి.

ఆ రోజు

ఒక్కో సెషన్‌లో ముగ్గురు నలుగురు ఉంటారు, సెషన్ నడిపే చైర్ ఒకరు ఉంటారు. పది నిమిషాలు ముందు వెళ్లి చైర్‌ను కలిసి మీ పేరు ఎలా పలకాలో చెప్పండి. మీతో పాటు చదివేవాళ్ల సారాంశాలు ముందే చదివి ఉంటే, మీ పేపర్‌లో ఒకచోట "ఇందాక ఆమె చెప్పిన విషయానికి ఇది దగ్గరగా ఉంది" అనగలుగుతారు. ఆ ఒక్క వాక్యంతో సెషన్ అంతా సంభాషణ అవుతుంది.

ప్రశ్నల సమయానికి పెన్ను, కాగితం చేతిలో ఉండాలి. ప్రశ్న రాసుకుంటే ఆలోచించడానికి అర నిమిషం దొరుకుతుంది. ప్రశ్న అర్థం కాకపోతే "మీరు అడిగింది ఇదేనా?" అని మీ మాటల్లో తిరిగి అడగండి. తెలియనిది అడిగితే "దాన్ని నేను ఇంకా చూడలేదు, చూడాల్సిన విషయమే, రాసుకున్నాను" అనండి. దానివల్ల మీ గౌరవం తగ్గదు. తెలియకపోయినా తెలిసినట్టు తిప్పి తిప్పి చెప్తేనే తగ్గుతుంది. కొందరు ప్రశ్న పేరుతో తమ ఉపన్యాసం ఇస్తారు. ఓపిగ్గా విని, దానిలో మీ పేపర్‌కు తగిలే ఒక్క ముక్క పట్టుకుని జవాబు చెప్పి ముగించండి.

మీ సెషన్ అయిపోగానే వెళ్లిపోవద్దు. మిగతావాళ్ల పేపర్లు వినండి, వాళ్లను ప్రశ్నలు అడగండి. టీ దగ్గర నిలబడినప్పుడు "మీరు ఏం చదువుతున్నారు?" అని మీరే ముందు పలకరించండి. మన పిల్లలు గోడ పక్కన తమలో తామే ఉండిపోతారు. అక్కడికి వెళ్లింది ఆ పలకరింపుల కోసం కూడా.

తిరిగి వచ్చాక

ఆ రాత్రే వచ్చిన ప్రశ్నలన్నీ గుర్తున్నంతవరకు రాసిపెట్టుకోండి. వారంలోపు చైర్‌కు, మీతో మాట్లాడినవాళ్లకు రెండు వాక్యాల మెయిల్ పంపండి. పుస్తకం పేరు చెప్పినవాళ్లుంటే దాన్ని సంపాదించి చదివి, చదివానని రాయండి. పరిశోధనలో స్నేహాలు అలాగే ఏర్పడతాయి.

పేపర్‌ను వ్యాసంగా పెంచడానికి రెండు మూడు నెలలు పెట్టుకోండి. 2,200 మాటలు ఆరేడు వేలు కావాలి. ఖాళీలు ఎక్కడున్నాయో ఆ ప్రశ్నల కాగితమే చెప్తుంది. పత్రిక ఎంచుకునేముందు మీ గైడ్‌తో మాట్లాడండి, డబ్బు కడితే వారంలో వేస్తామనే పత్రికల జోలికి పోవద్దు. అదే పేపర్‌ను తెలుగులో కూడా రాసి ఒక తెలుగు సాహిత్య పత్రికకు పంపండి. మీరు ఎవరి పాట గురించి, ఎవరి పుస్తకాల గురించి మాట్లాడారో వాళ్లు చదవగలిగేది అదే. పుస్తకాలు చూపించిన టీచర్లకు, పాట పాడి వినిపించినవాళ్లకు అచ్చైన ప్రతిని మీరే వెళ్లి ఇచ్చి రండి. సర్టిఫికెట్, ప్రోగ్రాం షీటు జిరాక్సులు డిపార్ట్‌మెంట్‌లో ఇచ్చి, మీ సీవీలో ఆ సదస్సు పేరు, పేపర్ శీర్షిక, తేదీ చేర్చుకోండి. ఇక వచ్చే అక్టోబరు పిలుపులకు మీ జూనియర్ ఒకరితో సారాంశం రాయించడం మొదలుపెట్టండి.